రామాంజిని పిలిచిన సీను

నాగలతకు ముప్పై ఏళ్లుగా స్టేజీ మీద ఏడవడమే బతుకు. కర్నూలు చుట్టుపక్కల ఏ ఊళ్లో పౌరాణిక నాటకం వేసినా బిడ్డను పోగొట్టుకున్న తల్లి వేషం ఆమెదే. ఆ పేరు విని కడప నుంచి రాజశేఖర్ అనే కొత్త డైరెక్టరు, తన సినిమాలో దయ్యం వేషానికి ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు.

"భయపెట్టాల, నవ్వించాల. సగం సగం మేడమ్," అన్నాడు. "మీరు మాత్రం భయం వైపు."

షూటింగు ఓర్వకల్లు దాపున రాళ్లగుట్టల్లో. కథలో దయ్యం, క్వారీ గుంతలో మునిగిపోయిన బిడ్డను వెతుక్కునే తల్లి. రెండు రోజులు నాగలత ఎంత చేసినా రాజశేఖర్ తల అడ్డంగానే ఊపాడు. రాగం తీయొద్దన్నాడు. రాగం లేకుండా ఏడవడం ఆమెకు చేతకాలేదు.

యూనిట్‌కు వంట చేసేది ఆ ఊరి హనుమంతమ్మ. మూడో రోజు మధ్యాహ్నం గిన్నెలు తోముతూ, "ఏం కత అక్కా ఇది?" అని అడిగింది. నాగలత చెప్పింది. హనుమంతమ్మ చేతిలో గిన్నె ఆగిపోయింది. నాలుగేళ్ల కిందట వానలకు నిండిన అలాంటి గుంతలోనే, ఆమె పన్నెండేళ్ల కొడుకు రామాంజి ఈతకు దిగి మళ్లీ పైకి రాలేదు.

"నేను ఏడ్సలేదక్కా. గట్టున కూచోని పిలిచినా. రామాంజీ, సంగటి ఆరిపోతాండాది, రాప్పా, అని. కోపంగా గూడా పిలిచినా. ఆకలైతే వస్తాడనుకుంటి."

నాగలత ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది. ఒక మాట అడగాల్సింది. అడగలేదు.

మరుసటి రోజు కెమెరా ముందు నాగలత రాగం తీయలేదు. కన్నీళ్లు పెట్టలేదు. నీళ్లకేసి చూసి, కొంచెం విసుగ్గా, అన్నానికి పిలిచినట్టే పిలిచింది. "రామాంజీ, సంగటి ఆరిపోతాండాది, రాప్పా." పేరు కూడా మార్చలేదు. యూనిట్ మొత్తం బిగుసుకుపోయింది. లైట్ల మనిషి మొహం తిప్పుకున్నాడు. రాజశేఖర్ వచ్చి ఆమె కాళ్లకు మొక్కాడు. ముప్పై ఏళ్లలో నాగలతకు అంత గర్వం ఎన్నడూ కలగలేదు. పొయ్యి దగ్గరున్న హనుమంతమ్మకు ఇదేమీ తెలియదు.

సినిమా కర్నూలులో విడుదలైన రోజు నాగలతే హనుమంతమ్మను పిలిపించి, మ్యాట్నీలో పక్కన కూర్చోబెట్టుకుంది. నీ బిడ్డను ఎంత మర్యాదగా తలుచుకున్నానో చూడమని చెప్పాలనుకుంది. సగం సినిమా అయినా జనం భయపడలేదు, నవ్వలేదు. ఫోన్లు చూసుకుంటున్నారు. అప్పుడు ఆ సీను వచ్చింది. తెర నిండా నాగలత మొహం. "రాప్పా" అనగానే నీళ్లలోంచి మేకపిల్ల "మే..." అని అరిచింది. రాయి వెనక నుంచి కమెడియన్ తల పైకెత్తి, "సంగట్లోకి ఊరిబిండి గూడా తేమ్మా!" అన్నాడు.

హాలు గొల్లుమంది. అదే ముక్కను మొహం ఇంకా పెద్దది చేసి మళ్లీ వేశారు. మళ్లీ నవ్వారు.

"అక్కా, అది నా బిడ్డ పేరు గదా," అంది హనుమంతమ్మ మెల్లగా. "ఎందుకు నగుతాండారు?"

హనుమంతమ్మ లేచి, మోకాళ్లు తప్పించుకుంటూ బయటికి వెళ్లిపోయింది. వెనకే పరిగెత్తిన నాగలతను గేటు దగ్గర రాజశేఖర్ ఆపి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మేడమ్, సినిమాను మీరే నిలబెట్టినారు! ఆ సీను ముందు ఉన్నదున్నట్టు మావోళ్లకు వేసి చూపిస్తే అందరూ మూగబోయినారు. భయమూ లేదు, నవ్వూ లేదు. శానా బరువైపోయింది. అందుకే మార్చినా."

"అది నిజంగా చచ్చిపోయిన పిల్లోని పేరప్పా."

రాజశేఖర్ మొహం వాడిపోయింది. "నాకు చెప్పినారా మేడమ్?" అన్నాడు.

చెప్పలేదు. అది నిజమే.

వారం తిరక్కుండానే సినిమా ఎత్తేశారు. ఆ ముక్క మాత్రం ఫోన్లలో తిరుగుతూనే ఉంది. హనుమంతమ్మ ఊళ్లో బస్సు ఆగేచోట ఆమె కనపడితే కుర్రకారు "ఊరిబిండి గూడా తేమ్మా" అనసాగారు. కొందరు ఎవరి బిడ్డో తెలియక, కొందరు తెలిసే. పేరైనా తీసేయమని నాగలత ఫోను చేస్తే, ఇక తన చేతుల్లో లేదన్నాడు రాజశేఖర్.

చివరికి ఒకరోజు నాగలత ఆ ఊరికి వెళ్లింది. హనుమంతమ్మ వాకిట్లో శనక్కాయలు ఒలుస్తోంది. లేచి చెంబుతో నీళ్లిచ్చి, మళ్లీ కూర్చుంది.

"వాళ్లట్ల చేస్తారని నాకు తెల్దు హనుమంతమ్మా."

"వాళ్ల మాట ఇడ్సిపెట్టక్కా. వాళ్లెవరో నాకేం తెలుసు? నేను చెప్పుకునింది నీకు. యాక్టరువని చెప్పలేదు. సాటి ఆడమనిషివని చెప్పింటి."

నాగలతకు ఏం చేయాలో తోచక, పక్కనే కూర్చుని చేటలోంచి పిడికెడు కాయలు తీసుకోబోయింది. హనుమంతమ్మ చేటను తన వైపు లాక్కుంది.

"నాలుగింటికి కర్నూలు బస్సు ఉండాది," అంది, తల ఎత్తకుండా.