విభూది వరుసలో రెండవ మనిషి

2011 మార్చి తొమ్మిదవ తేదీ, తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం, ఉదయం ఏడు గంటల పూజలో ఇన్నాసిపేట కతోలిక దేవాలయంలో నుదుట విభూది పెట్టించుకున్నవారి వరుస ఇది. ఆ గుడికి చెందిన కుటుంబాలన్నిటినీ కలిపి విచారణ అంటారు. మొదట విచారణ సంఘం అధ్యక్షులు, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు శౌరయ్య. రెండవది కూలి పనికి పోయే లూర్దమ్మ. మూడవవాడు పత్తి రైతు ఇన్నయ్య. ఆ తరువాత మగవారు, ఆడవారు, పిల్లలు, ఎవరు లేస్తే వారు. అందరికంటె చివర విచారణ గురువు ఫాదర్ బాలశౌరి.

జనగామ నుంచి తరిగొప్పులకు పోయే తోవలో ఉన్న ఆ చిన్న ఊరిలో గుడి కట్టిననాటి నుంచి మగవారి వరుస పూర్తిగా ముగిసిన తరువాతనే ఆడవారు లేచేవారు. ఆ మర్యాద ఆ ఒక్కరోజే తప్పింది. అది తప్పినందువల్లనే విచారణ నిలబడింది. ఆ సంగతి తెలియాలంటే ముందుగా ఆదివారం నాటి ముచ్చట చెప్పుకోవాలి.

ఆదివారం పూజ కాగానే ఫాదర్ బాలశౌరి మెట్ల మీద నిలబడి, తెలంగాణ కోసం గురువారం హైదరాబాదులో జరిగే మార్చ్‌కు పోదలచిన యువకులను తమ పేర్లు చెప్పమన్నారు. రోజూ పూజలో ఆ పేర్లు చదివి, వారు క్షేమంగా తిరిగి రావాలని ప్రార్థిస్తానన్నారు. ఏడుగురు పేర్లు చెప్పారు. ఫాదర్‌ది గుంటూరు వైపు. వచ్చి ఏడాదిన్నర అయింది. మాటకు ముందొక ‘అండీ’, వెనుకొక ‘అండీ’ తగిలించే ఆయన పలుకును చూసి ఊరు నవ్వుకునేదే గాని, ఎవరికి జ్వరం వచ్చినా సైకిలు మీద వచ్చి మంచం పక్కన కూర్చునే ఆయన గుణాన్ని మెచ్చుకునేది కూడా.

అదే సాయంకాలం ఒక పోలీసు అధికారి జీపు దిగి శౌరయ్య ఇంటి అరుగు ఎక్కాడు. “గుడ్ ఈవినింగ్, హెడ్మాస్టర్ సార్” అన్నాడు. ఆపైన అరగంటసేపు ఇంగ్లీషులోనే మాట్లాడాడు. ఇంత స్వచ్ఛమైన ఇంగ్లీషు ఈ చుట్టుపక్కల విని ఎన్నేళ్లయిందో అన్నాడు. శౌరయ్య ముప్పైనాలుగేళ్లు బడిలో పనిచేసిన మనిషి. పదవీ విరమణ చేసిన నాటి నుంచి ఆయనతో ఆ భాషలో నాలుగు వాక్యాలు మాట్లాడినవారు లేరు. ఆ మాటలు ఆయనకు ఎండలో వచ్చినవానికి కుండనీళ్లలాగా దిగాయి. శాంతి సంఘం వేస్తున్నామనీ, మార్చ్‌కు పోయే బాధ్యత గల యువకుల పేర్లు కావాలనీ అధికారి అడిగాడు.

శౌరయ్యకు అనుమానం రాకపోలేదు. కాని ‘సందేహంగా ఉంది’ అని ఆ మనిషి ముందు చెప్పడానికి నోరు రాలేదు. పైగా ఏ పనినీ అరకొరగా చేయడం ఆయనకు చేతకాదు. తెల్లకాగితం తీసి, స్కేలు పెట్టి మార్జిను గీసి, ఏడుగురి పేర్లు, తండ్రుల పేర్లు, ఇంటి నంబర్లు అక్షర క్రమంలో వ్రాసి, క్రింద సంతకం చేసి తేదీ వేసి ఇచ్చారు.

సోమవారం తెల్లవారేసరికి జీపు మళ్లీ వచ్చింది. ఆ ఏడుగురిలో నలుగురు దొరికారు, ముగ్గురు చేల వెంబడి తప్పించుకున్నారు. దొరికిన నలుగురిలో లూర్దమ్మ కొడుకు జోజి ఉన్నాడు, ఇన్నయ్య కొడుకు ఉన్నాడు.

పొద్దెక్కేసరికి ఊరంతా గుడి ముంగిట చేరింది.

“నిన్న పొద్దుగాల పేర్లడిగిండు, ఇయ్యాల పొద్దుగాల పోలీసోల్లు వచ్చిన్రు. ఇంక సమజ్ కాకపోవడానికేమున్నది?” అన్నాడు ఇన్నయ్య.

“ఆంధ్రాయిన గదా! ఆయిన పానం ఆడనే కొట్టుకుంటది” అన్నది వెనుక నుంచి ఆరోగ్యమ్మ.

ఫాదర్ బయటికి వచ్చారు. ముఖం పాలిపోయి ఉంది. “నేనెవరికీ చెప్పలేదండీ. దేవుడి మీద ఒట్టండీ” అన్నారు.

“చెప్పలేదండీ!” అని ఇన్నయ్య గొంతు సన్నం చేసి సాగదీశాడు. జనం నవ్వారు. అది సంతోషపు నవ్వు కాదు. ఫాదర్ తల వంచుకుని లోపలికి వెళ్లిపోయారు. జనం మధ్యలో నిలబడిన శౌరయ్య తన చెప్పుల వైపు చూసుకున్నారు.

“సారూ, మీరు పెద్దమనుషులు” అని ఇన్నయ్య ఆయన వైపు తిరిగాడు. “గీ ఫాదర్ మాకు వద్దని బిషప్ గారికి కాయితం మీరే రాయాలె. మీరు రాస్తె ఆడ తిరుగుండది. బుధవారం గాయిన చేతి విభూది ఒక్కలు గూడ పెట్టించుకోవద్దు. పూజ కాంగనే అందరం దస్కతులు జేద్దం.”

“విచారించకుండా ఎలా...” అని శౌరయ్య అనబోయారు.

“విచారించేదేమున్నది సారు? మా పిల్లగాండ్లు లోపలుండంగ!”

శౌరయ్య ఆ క్షణంలో నిజం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. “సరే, వ్రాస్తాను” అన్నారు.

మంగళవారం మధ్యాహ్నం బిషప్‌కు పంపే ఆ మహజరు వ్రాయడం ముగిసింది. తప్పులేమైనా ఉన్నాయేమోనని చదువుకుంటూ ఉండగా లూర్దమ్మ ఖాళీ టిఫిను గిన్నె చేత పట్టుకుని వచ్చి అరుగు మెట్టు మీద కూలబడింది. ఠాణా నుంచి నేరుగా వచ్చినట్టుంది, కాళ్ల నిండా దుమ్ము.

“పిల్లలు ఎలా ఉన్నారు లూర్దమ్మా?”

“మంచిగనే ఉన్నరు సారు. కొట్టలే. మార్చ్ అయినంక ఇడుస్తరట. జోజిగానికి అన్నం తీస్కపోయిన.” ఆమె కొంగుతో ముఖం తుడుచుకున్నది. “గాడ బల్ల మీద ఒక కాయితం పెట్టుకొని పేర్లు పిలుస్తున్నరు సారు. నాకు సదువు రాదు. గని మీరు రాసిచ్చిన మా జోజిగాని బడి సర్టిఫికెట్ పన్నెండేండ్ల సంది పెట్టెల దాసిన. పండుగ పండుగకు తీసి చూస్త. గా రాత నాకెర్కే.”

శౌరయ్య చేతిలోని మహజరును మడిచారు. ఆయన దానిని ఒడిలో పెట్టుకున్నారు. “ఎవరికి చెప్పావు?” అన్నారు.

“ఎవ్వలికి చెప్పలే. ఇన్నయ్యన్నకు చెప్తె కట్టె పట్టుకొని ఉరికొస్తడు. రేపు విభూది గదా, మీ నోటితోని మీరే చెప్పుండ్రి.”

“చెప్పకపోతే?”

“చెప్పకపోతె నేనేం జేస్త సారు? ఊకుంట. గని ఫాదర్ బట్టలు సదురుకుంటుండు, కిటికీలకెల్లి చూసిన. పాపం, గాయినకు గీడ అన్న లేడు, అక్క లేదు. జర ఆలోచన జెయ్యిండ్రి.” లేచి గిన్నె చంకన పెట్టుకున్నది. “మీరు మావోనికి నాలుగచ్చరాలు నేర్పిన్రు. గది నేను మర్వలే.”

ఆమె తిట్టి ఉంటే శౌరయ్యకు కొంత తేలికగా ఉండేది.

బుధవారం గుడి నిండిపోయింది. రానివారు లేరు, కాని పాటకు గొంతు కలిపినవారు పదిమంది లేరు. ఎడమ వైపు మగవారు, కుడి వైపు ఆడవారు, ముందు బల్ల మీద ఎప్పటిలాగే శౌరయ్య. చొక్కా జేబులో మడిచిన మహజరు. ఫాదర్ సువార్త చదివారు. ప్రసంగం చేయలేదు. గత సంవత్సరం మట్టల ఆదివారం పండుగకు తెచ్చిన మట్టలు కాల్చి చేసిన బూడిదను ఆశీర్వదించి, పళ్లెం పట్టుకుని పీఠం మెట్టు దిగి నిలబడ్డారు.

ఎవరూ లేవలేదు.

ప్రతి సంవత్సరం మొదట లేచేది శౌరయ్య. ఆయన లేస్తే మిగిలినవారు లేస్తారు, కూర్చుంటే కూర్చుంటారు. ఆ సంగతి ఫాదర్‌కు తెలుసు, ఊరికి తెలుసు. రెండు వందల జతల కళ్లు తన వీపు మీద ఉన్నట్టు ఆయనకు తెలుస్తూనే ఉంది. ఇలాగే మరొక ఐదు నిమిషాలు కూర్చుంటే చాలు. కాగితం చేతులు మారుతుంది, సంతకాలు పడతాయి, బస్సెక్కి ఒక మనిషి వెళ్లిపోతాడు. తాను మాత్రం ఈ బల్ల మీదనే, ఇదే గౌరవంతో, బ్రతికినన్నాళ్లు కూర్చోవచ్చు. ఆ ఆలోచన రాగానే ఆయనకు ఆ బల్ల మీద ఊపిరాడలేదు. అయినా ఆయన లేవలేదు.

ఫాదర్ చాలాసేపు ఎదురుచూశారు. చివరికి పళ్లెం పీఠం మీద పెట్టేయడానికి వెనుతిరిగారు. అప్పుడు ఆడవారి వైపు నుంచి లూర్దమ్మ లేచింది. నడిమి దారి దాటి మగవారి వైపుకు వచ్చింది.

“ఏందే లూర్దమ్మా, ఎటు?” అన్నాడు ఇన్నయ్య.

“నువ్వు కూసో అన్నా” అని ఆమె ముందు బల్ల దాకా నడిచి, శౌరయ్య పక్కన ఆగి వంగింది.

“లేవుండ్రి సారు. మీ ఎనుక నేనుంట. నా కొడుకు లోపలున్నడు, నన్ను దాటి మిమ్ముల ఎవ్వలు ముట్టరు.”

శౌరయ్య లేచారు. పీఠం మెట్టు దాకా నడిచి, ఫాదర్ ఎదుట నిలబడకుండా జనం వైపు తిరిగారు. “విచారణ సభ్యులకు ఒక విన్నపం” అని మొదలుపెట్టారు. రాత్రంతా కూర్చుకున్న వాక్యాలలో ఆ ఒక్కటే నోటికి వచ్చింది. మిగిలినవి ఎటు పోయాయో పోయాయి.

“పేర్లిచ్చింది ఫాదర్ కాదు” అన్నారు. “నేను. నేనే రాసిచ్చిన. గా పోలీసాయన ఇంగ్లీషుల పొగిడిండు, నేను ఉబ్బిపోయిన. సోమవారం మీరు ఈయనను అంటుంటె విని ఊకున్న. ఊకోవడమే కాదు, ఈయన మీద కాయితం గూడ నేనే రాసిన.” జేబులోంచి మహజరు తీసి ఫాదర్ చేతిలో పెట్టారు.

బల్లలు కదిలాయి.

“పెద్దమనిషివనుకుంటిమి గదయ్యా!” ఇన్నయ్య ముందుకు ఉరికాడు. “సదువు చెప్పిన చేతులతోనే మా పిల్లగాండ్లను అప్పజెప్తివా!”

లూర్దమ్మ అడ్డం తిరిగి నిలబడింది. “అన్నా, ఆడ నీ కొడుకొక్కడే లేడు. నా కొడుకు గూడ ఉన్నడు. నేను ఈయిన ఎనుక నిలవడ్డనా లేదా?”

ఇన్నయ్య ఆగిపోయాడు. “అంటే నీకు ముందుగాలనే ఎర్కనా?”

“నిన్నటి సంది ఎర్క.”

“మరి నాకెందుకు చెప్పకపోతివే!”

“చెప్తె ఇయ్యాల నువ్వు గుడిల ఉంటుంటివా, ఠాణాల ఉంటుంటివా?”

ఆడవారి వైపు ఎవరో పక్కున నవ్వి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఇన్నయ్య ఎత్తిన చేయి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తల గోక్కున్నాడు.

“క్షమించండి ఫాదర్” అన్నారు శౌరయ్య.

“క్షమించాను మాస్టారూ. ముందు తల వంచండి” అన్నారు ఫాదర్. బొటనవేలితో బూడిద తీసి ఆ నెరసిన తల క్రింది నుదుటి మీద సిలువ గుర్తు వేసి, మనిషి మట్టివాడని గుర్తుచేసే మాట చెప్పారు. అరవై ఏళ్లుగా ఏటేటా వింటున్న ఆ మాటను శౌరయ్య మొదటిసారి తనకోసం చెప్పినట్టు విన్నారు. ఆశ్చర్యమేమంటే అది ఆయనను క్రుంగదీయలేదు. నాలుగు రోజుల నుంచి గుండె మీద ఉన్న రాయిని ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది.

ఆయన వెనుక లూర్దమ్మ పెట్టించుకున్నది. ఆమె వెనుకకు ఇన్నయ్యే వచ్చి నిలబడ్డాడు.

“ఫాదర్, మొన్న మీ మాటను ఎక్కిరిచ్చిన. తప్పయింది.”

“బాగానే ఎక్కిరించారులెండి. నా తమ్ముడు కూడా అంత బాగా చేయలేడండీ” అన్నారు ఫాదర్. గుడి అంతా నవ్వింది. ఈసారిది వేరే నవ్వు.

అందరికీ పెట్టడం ముగిశాక ఫాదర్ పళ్లెం చేతిలో పట్టుకుని, “మూడు రోజులుగా నాకు మీ అందరి మీదా కోపంగా ఉందండీ. ప్రార్థన కూడా సరిగ్గా చేయలేకపోయాను. నాకెవరు పెడతారు?” అన్నారు. జనం ఇన్నయ్యను ముందుకు తోశారు. అతడు పత్తి చేలో కాయకట్టిన బొటనవేలిని పళ్లెంలో ముంచి ఎంత తీశాడంటే, బూడిద ఫాదర్ ముక్కు దాకా రాలింది.

“గింత చాలా అండీ?” అన్నాడు.

పూజ కాగానే శౌరయ్య, లూర్దమ్మ, ఇన్నయ్య ముగ్గురూ ఒకే ఆటోలో ఠాణాకు పోయారు. ఆదివారం వచ్చిన అధికారి అక్కడ లేడు. ఉన్నవాడు, మార్చ్ ముగిసేదాకా తన చేతిలో ఏమీ లేదన్నాడు. “అయితే ఆ జాబితాలో ఎనిమిదవ పేరుగా నా పేరు చేర్చండి” అన్నారు శౌరయ్య. అతడు ఆ తెల్లజుట్టును, బూడిద నుదుటిని ఎగాదిగా చూసి, “పెద్దాయనా, ఇంటికి పో” అన్నాడు. శౌరయ్య పోలేదు. ఆ పగలు, మరునాటి పగలు, ఆ మరునాటి పగలు కూడా ఠాణా బయటి బల్ల మీద కూర్చున్నారు. లూర్దమ్మ కొడుక్కు తెచ్చిన గిన్నెలోంచే ఆయనకూ రెండు ముద్దలు పెట్టేది.

శుక్రవారం సాయంకాలం క్రీస్తు సిలువ మోసిన దారిని తలచుకుంటూ పద్నాలుగు స్థలాల దగ్గర ఆగి ప్రార్థించే సిలువ మార్గం గుడి చుట్టూ నడుస్తుండగా, క్రీస్తు మూడవసారి పడిన తొమ్మిదవ స్థలం దగ్గర ఉన్నప్పుడు, ఆటో వచ్చి ఆగింది. నలుగురూ దిగారు, వారి వెనుక శౌరయ్య దిగారు. తల్లులు ప్రార్థన వదిలేసి ఉరికారు. ఫాదర్ పుస్తకం మూసి నిలబడ్డారే గాని ఎవరినీ వారించలేదు.

జోజి తల్లి చేతులు విడిపించుకుని శౌరయ్య దగ్గరికి వచ్చాడు. శౌరయ్య ఏ మాటకైనా సిద్ధపడే ఉన్నారు.

“సారూ, ఠాణాల మీ రాతను శాన మెచ్చుకున్నరు” అన్నాడు జోజి. “మార్జిను కొట్టిన లిస్టు జిందగీల చూడలేదట. మల్ల గసొంటిది రాయకుండ్రి సారు, మాకు పరేషాన్ అయితది!”

శౌరయ్య నవ్వబోయి ఏడ్చి, ఏడ్వబోయి నవ్వారు. ఆ పిల్లవాని భుజం మీద చేయి వేసి తొమ్మిదవ స్థలం దగ్గరికి నడిచారు. సిలువ మార్గం అక్కడి నుంచి మళ్లీ మొదలైంది.

ఆదివారం విచారణ సంఘం కూడింది. శౌరయ్య అధ్యక్ష పదవికి రాజీనామా ఇచ్చారు. ‘ఉండుండ్రి సారు’ అని కొందరు మొహమాటపడ్డారు గాని, ఆయన వినలేదు. ఆ కుర్చీ దిగినప్పుడు ఆయన ముఖంలో వెలితి లేదు, తేలిక ఉంది. సభ ముగిసేముందు ఆయన లేచి నిలబడి ఒక తీర్మానం ప్రతిపాదించారు. ఇన్నయ్య బలపరిచాడు. అందరూ లేచి నిలబడి ఆమోదించారు. ఆ తీర్మానం ఇది:

“ఇన్నాసిపేట విచారణకు చెందిన శ్రీమతి లూర్దమ్మ, తన కుమారుడు నిర్బంధములో ఉన్న సమయమున, అందుకు కారకుడైనవాడు ఎవరో తెలిసియుండియు, ఆ సంగతిని ఎవరికిని చెప్పక, తన తప్పును తానే ఒప్పుకొనుటకు అతనికి ఒక దినము గడువిచ్చి, ఒప్పుకొను వేళ అందరి ఎదుట అతని వెనుక నిలిచినందుకు, ఈ విచారణ సంఘము ఆమెకు సగౌరవముగా తన కృతజ్ఞతను తెలుపుకొనుచున్నది.”