అక్కమ్మ ఏడో అర్జీ

బాలశౌరి టైపు మిషను రిబ్బను తలకిందులు చేసి వేస్తున్నాడు. పై అంచు అరిగినా కింది అంచు ఇంకో నెల నడుస్తుంది. వేళ్ళకు అంటిన సిరాను జుట్టుకు రాసుకోవడం అతని అలవాటు. అందుకే యాభై రెండేళ్ళు వచ్చినా కణతలు నల్లగా ఉన్నాయని బజారులో వేళాకోళం చేస్తుంటారు. సన్నటి మనిషి, మెడ ముందుకు వంగి ఉంటుంది. రెండు చూపుడు వేళ్ళతోనే టైపు కొడతాడు. తిరువూరులో బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఒక ఆఫీసు ప్రహరీ గోడ ఉంది. ఆ గోడకు ఆనించిన రేకు కింద ఒక బల్ల, బల్ల మీద ఈ మిషను. ఇరవై మూడేళ్ళుగా అదే అతని కొలువు. అది ఏ ఆఫీసో చెప్పుకోవడం అనవసరం. అర్జీలు పుచ్చుకునే ఆఫీసు అనుకుంటే చాలు.

అర్జీలు తెలుగులో రాసుకోవచ్చని సర్కారు ఏనాడో చెప్పింది. అయినా పందొమ్మిది వందల డెబ్బై ఆరో సంవత్సరం వచ్చినా మనవాళ్ళు ఒప్పుకోరు. తెలుగులో రాస్తే అధికారికి అది ఏడుపులాగా వినిపిస్తుందట, ఇంగ్లీషులో రాస్తే ఆయనకు పనిలాగా కనిపిస్తుందట. పత్తి చేలో కూలికి పోయేవాళ్ళు కూడా "ఇంగిలీసులోనే కొట్టయ్యా" అని పట్టుబడతారు. బాలశౌరి ఏం కొట్టాడో వాళ్ళకు తెలియదు. తెలియకపోవడం వల్లనే దానికి బలం ఉందని వాళ్ళ నమ్మకం, ఆ నమ్మకం మీదే అతని పొయ్యి వెలుగుతోంది.

బాలశౌరికి వాళ్ళను మించిన నమ్మకం ఒకటి ఉంది. చిన్నప్పుడు మిషనరీ బళ్ళో ఫాదరుగారు 'ఆస్క్' అనే చిన్న మాట నల్లబల్ల మీద రాసి, దానికి ఇంకెన్ని మాటలున్నాయో రాసుకు రమ్మన్నారు. బాలశౌరి డిక్షనరీ తిరగేసి తొమ్మిది పట్టుకొచ్చాడు. శభాష్ అన్నారు ఫాదరుగారు. అతని బతుకులో పడిన శభాష్ అదొక్కటే. రిక్వెస్ట్ అంటే నిలబడి అడగడం. సొలిసిట్ అంటే చేతులు కట్టుకుని అడగడం. బెగ్ అంటే చెయ్యి చాపడం, ప్రే అంటే దణ్ణం పెట్టడం, ఎంట్రీట్ అంటే గడ్డం పట్టుకోవడం, ఇంప్లోర్ అంటే కాళ్ళు పట్టుకోవడం. ఇక బిసీచ్ అంటే నేల మీద పడి ఏడవడమే. డిమాండ్, క్లెయిమ్ అని మరో రెండున్నాయి గానీ వాటి జోలికి అతను ఎన్నడూ పోలేదు. అవి కొడితే తన బల్ల లేపేస్తారని భయం. తగిన మాట తగిన చోట పడితే ఎంత రాతిగుండె ఆఫీసరైనా కరగక తప్పదని మాత్రం గట్టిగా నమ్మాడు.

వినగడప ఊరి అక్కమ్మకు ఇప్పటికి ఆరు అర్జీలు కొట్టాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, నాట్లు వేసీ వేసీ నడుము వంగిపోయింది. మొగుడు పోయిన కూతురు జోజమ్మతో కలిసి సీతారామారావు గారి పొలం గట్టున గుడిసెలో ఉంటోంది. అక్కడ మామిడి మొక్కలు పెడుతున్నానని, ఉగాదికల్లా ఖాళీ చెయ్యాలని ఆయన చెప్పేశాడు. ఉగాది పది రోజుల్లోకి వచ్చింది. బీదవాళ్ళకు ఇచ్చే ఇళ్ళ స్థలాల్లో రెండు సెంట్లు దొరక్కపోతే తల్లీకూతుళ్ళు వీధిన పడతారు. అక్కమ్మ మొదటి అర్జీలో రిక్వెస్ట్ పెట్టిన బాలశౌరి ఆరోదానికి ఇంప్లోర్ దాకా దిగాడు.

ఆ పొద్దున అక్కమ్మ మొదటి బస్సుకే వచ్చింది.

"శౌరయ్యా, ఈపాలన్నా గట్టిగా కొట్టు నాయనా."

"కొడతాలే పెద్దమ్మా. నువ్వెళ్ళి వరండాలో చల్లగా కూర్చో. వేలిముద్రకి పిలుస్తా."

"ఒక మాట చెప్పు. ఆ కాయితంలో మనం అడుగుతున్నామా, అడుక్కుంటున్నామా?"

బాలశౌరి నవ్వాడు. "ఏదైతే ఏంటి పెద్దమ్మా, పని అవ్వాలి గానీ."

"అట్టా అంటే ఎట్టాగయ్యా. నేను కూలి అడిగాను గానీ ఎన్నడూ అడుక్కోలా" అంటూ ఆమె మెల్లగా వరండా వైపు నడిచింది.

అతను ఏడో అర్జీ మొదలుపెట్టాడు. పదకొండు దాటేసరికి బిసీచ్ అనే మాట దగ్గరికి వచ్చాడు. డిక్షనరీలో అంతకంటే కిందికి మెట్టు లేదు. ఒక్కొక్క అక్షరమే చూసుకుని కొట్టాడు. కాగితం బయటికి లాగి చూసుకుంటే తనకే కళ్ళు చెమ్మగిల్లాయి, ఇంత బాగా రాశానా అని. అప్పుడు ఆకలి గుర్తొచ్చి, రోడ్డవతల వెంకాయమ్మ బండి దగ్గరికి వెళ్ళి నాలుగు బజ్జీలు పొట్లం కట్టించుకున్నాడు.

మూడో బజ్జీ తీస్తుంటే పొట్లం కాగితం మీద అక్షరాలు కనిపించాయి. అతని మిషనులో 'ఎం' అక్షరం ఎప్పుడూ వరుసకు కాస్త పైన పడుతుంది. ఇక్కడా అలాగే పడి ఉంది. కింద ఊదారంగు వేలిముద్ర, దానికి అడ్డంగా కొడవలి గాటు. పైన నూనె మరకలో ఎంట్రీట్ అనే మాట మెరుస్తోంది. అక్కమ్మ అయిదో అర్జీ అది. దాని మీద ఆఫీసు ముద్ర లేదు, ఒక్క పెన్ను గీత లేదు. బాలశౌరికి మతిపోయింది.

"ఈ కాయితం ఎక్కడిది వెంకాయమ్మా?"

"ఆఫీసు జవాను తెచ్చి తూకానికి ఇస్తాడండి, నెలకోపాలి. మందంగా ఉంటాయి, నూనె తొందరగా పీల్చవు" అంటూ ఆమె బండి కిందినుంచి ఒక కట్ట తీసి చూపించింది.

అన్నీ అతనివే. పింఛను అడిగినవాళ్ళు, బావి అడిగినవాళ్ళు, జైలులో ఉన్న కొడుకును చూడనివ్వమన్నవాళ్ళు. ఏ కాగితం మీదా ఎవరి చెయ్యీ పడలేదు. చెంప మీద కొట్టినట్టుగా బాలశౌరి అక్కడే నిలబడిపోయాడు. వాళ్ళు చదవనందుకు కోపం వచ్చింది. తను మాత్రం ఈ ముసలిదాన్ని ఒక్కో మెట్టే దించి నేల మీద పడుకోబెట్టాడని తోచినప్పుడు అంతకంటే ఎక్కువ సిగ్గేసింది. బజ్జీలు ఎక్కడ పెట్టాడో అతనికే తెలియదు.

ఏడో అర్జీని బల్ల మీదే వదిలేసి ఆఫీసులోకి నడిచాడు. ఇరవై మూడేళ్ళలో అతను అర్జీలు అందించే కిటికీ దాటి లోపలికి వెళ్ళడం అదే మొదలు. వరండాలో అక్కమ్మ స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉంది. కునుకు తీస్తోందనుకుని పలకరించలేదు.

గుమాస్తా బసవపున్నయ్య మజ్జిగ తాగుతున్నాడు.

"వినగడప అక్కమ్మకి ఇంటి స్థలం ఎందుకివ్వరండి?" అన్నాడు బాలశౌరి. మాట గట్టిగానే వచ్చింది.

బసవపున్నయ్య ఆశ్చర్యపోలేదు. మూతి తుడుచుకుని రిజిస్టరు తీసి, రెండు పేజీలు తిప్పి వేలు పెట్టాడు. "ఎందుకివ్వం? సర్వేకి వెళ్ళినప్పుడే ఈవిడ పేరు రాసుకొచ్చాం. పట్టా మీద సంతకమై రెండు నెలలైంది. ఎవరూ వచ్చి అడగలా."

"ఆరు అర్జీలిచ్చామండి."

"అర్జీలెవరు చదువుతారయ్యా, అందులోనూ ఇంగ్లీషులో. నోటితో ఒక్క మాట అడిగితే పోయేదానికి." ఆ మాట అతను వెటకారంగా అనలేదు, జాలిగానే అన్నాడు. "సాయంత్రం ఈ రిజిస్టరు పైఆఫీసుకి వెళ్ళిపోద్ది. ఈలోగా ఆవిడ వేలిముద్ర పడితే స్థలం ఆవిడది, ఆవిడ తరవాత కూతురిది. పడకపోతే లిస్టులో తరవాతి పేరుకి పోద్ది. ముసలావిడ మెట్లెక్కలేదంటే నువ్వే తీసుకెళ్ళి వేయించుకురా."

బాలశౌరి రిజిస్టరు చంకన పెట్టుకుని, సిరాపెట్టె పట్టుకుని పరుగున వచ్చాడు. "పెద్దమ్మా, వచ్చేసిందే. ఎప్పుడో వచ్చిందంట" అంటూ ఆమె పక్కన కూలబడ్డాడు. ఆమె పలకలేదు. నిద్రలో ఉందిలే అనుకుని ఎడమ చేతి బొటనవేలు పట్టుకుని సిరాకు అద్ది, గడిలో నొక్కాడు. అక్కమ్మ ముద్ర వేసినప్పుడల్లా వేలు బిగబట్టేది, ముద్ర అలికినట్టుగా వచ్చేది. ఇవాళ గీతలన్నీ విడివిడిగా పడ్డాయి. అంత చక్కటి ముద్ర ఆమె ఎన్నడూ వేయలేదు. బాలశౌరి ఆ చేతిని వదిలేశాడు. అది ఒడిలోకి జారి అలాగే ఉండిపోయింది.

ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. పొద్దున్నే బస్సు దిగి తనతో వాదించిన మనిషి, తను లోపల గొంతు పెంచక ముందే, ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా వెళ్ళిపోయింది. వరండాలో జనం వస్తూ పోతూనే ఉన్నారు. ఎవరూ ఇటు చూడలేదు.

అతను లేచి లోపలికి వెళ్ళాడు. రిజిస్టరు బల్ల మీద తెరిచి పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక అధికారుల ముందు ఏదీ దాచని మనిషి.

"వేసిందా?" అన్నాడు బసవపున్నయ్య తలెత్తకుండా.

"పడిందండి."

"మనిషేదీ?"

"వరండాలో కూర్చునుందండి, స్తంభానికి ఆనుకుని."

బసవపున్నయ్య ముద్ర చూసి, పొడి సంతకం గీకి, రిజిస్టరులోంచి పట్టా చింపి ఇచ్చాడు. దాని మీద అక్కమ్మ పేరు తెలుగులో ఉంది. బాలశౌరి దాన్ని చొక్కా లోపల పెట్టుకున్నాడు. వినగడప బస్సు ఇంకో అరగంటకు ఉంది. జోజమ్మకు ఏ మాట ముందు చెప్పాలో, అసలు ఎలా చెప్పాలో అతనికి ఒక్క ముక్క తోచలేదు.

మళ్ళీ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. స్తంభం దిమ్మె మీద, గాలికి దొర్లిపోకుండా చిన్న రాయి ఆనించి, తరవాత వెలిగించుకుందామని ఆమె జాగ్రత్తగా ఆర్పి పెట్టుకున్న సగం చుట్ట ఉంది.