చైనా కోటా ముద్ర

నేను ఒక రబ్బరు స్టాంపును. మద్రాసులో ఒక ఇరుకు సందు కొట్లో కూర్చునే ముసలాయన నన్ను చెక్కాడు. నా ఒంటి మీద ఉన్నవి రెండే మాటలు, ‘చైనా కోటా’ అని. వాటి అర్థం ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. తెలిశాక మాత్రం, చెప్పొద్దూ, కొన్నాళ్ళు గర్వంగానే తిరిగాను.

నన్ను కొన్నది ఒక విదేశపు వీసా ఆఫీసు. ఆ దేశం అందరినీ పుట్టిన దేశపు వరుసలో లెక్కవేసేది, ఒక్క చైనావాళ్ళను తప్ప. తల్లిదండ్రుల్లో ఒక్కరు చైనావాళ్ళయినా చాలు, ఎక్కడ పుట్టినా చైనా వరుసలోనే నిలబడాలి. ప్రపంచం మొత్తం మీద ఆ వరుసలోంచి ఏడాదికి నూరుమందికి కాస్త పైన, అంతే.

నన్ను వాడే గుమాస్తా పేరిశాస్త్రిది విజయనగరం. ఒకరోజు కిటికీ అవతల తన వైపు యాస వినపడేసరికి తల ఎత్తకుండానే పొంగిపోయాడు. వచ్చినవాడు డానియేలు, పళ్ళ డాక్టరు. తండ్రి చైనాయన, తల్లి ఎస్తేరమ్మ భీమిలి నర్సు. భర్త పోయాక ఆమె ఇండియా వరుసలోనే ఆ దేశం వెళ్ళి ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరింది. ఇప్పుడు మంచాన పడింది.

“విశాపట్నంలోనే పుట్టేనండి. అమ్మ దగ్గర ఎవరూ లేరండి, నేనెళ్ళి ఉండాల.”

“మనవాడివేనయ్యా!” అంటూ శాస్త్రి అతని కాగితాన్ని ఇండియా దొంతరలో పెట్టేశాడు.

సాయంత్రానికల్లా అధికారి ఫొటోలో చైనా పోలికలు చూసి ఆ కాగితాన్ని వెనక్కి పంపాడు. శాస్త్రి చాలాసేపు నన్ను చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. చివరికి వేశాడు. ఉద్యోగం కదా.

డానియేలు ఏటా వచ్చి తన వంతు ఎప్పుడని అడిగేవాడు. మొదట్లో శాస్త్రి కాఫీ ఇప్పించేవాడు. తర్వాత్తర్వాత మొహం చాటేసేవాడు.

తొమ్మిదో ఏడు వంతు వచ్చింది. శాస్త్రి టెలిగ్రాం కొట్టి మరీ పిలిపించాడు. “వచ్చేసిందయ్యా డాక్టరూ! ఇంక బయల్దేరు.”

“అమ్మ ఈస్టరుకి ముందే పోయిందండి,” అన్నాడు డానియేలు. “నా వంతు వెనకున్నోళ్ళకి ఇచ్చీండి. ఆళ్ళమ్మ ఉందేమో.”



కొన్నేళ్ళకు ఆ చట్టం రద్దయింది. నన్ను తుప్పు పట్టిన గుండుసూదులతో పాటు రేకు డబ్బాలో పడేశారు. చట్టం రాసింది నేను కాదు, నన్ను పట్టుకున్న చెయ్యీ నాది కాదు. ఎంత సర్దిచెప్పుకున్నా నా మనసు ఒప్పుకోవడం లేదు. కొడుకు ఎందుకు రాలేదో ఎస్తేరమ్మకు ఎవరైనా చెప్పి ఉంటారా? నీ కడుపున పుట్టినవాడు నీ దేశంవాడు కాడని కన్నతల్లికి ఎలా చెబుతారు?