గోడ అవతలి గంట

నాకు డెబ్బై రెండేళ్లు నిండాయి. ఇన్నేళ్లలో నన్ను మోసం చేసిన మనిషి పుట్టలేదు. ఎద్దు నోరు తెరవకముందే దాని వయసు చెప్పినవాణ్ణి. కల్లు కుండ మీద ఈగ వాలిన తీరు చూసి అందులో నీళ్లు ఎన్ని కలిపారో చెప్పినవాణ్ణి. బాలమల్లు అంటే అంత గట్టి పిండం. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను. తర్వాత ఎక్కడైనా నేను తేలిపోయినట్టు కనిపిస్తే మీ కళ్లద్దాలు తుడుచుకోండి.

మాది శంషాబాద్ విమానాశ్రయం గోడకు ఇవతలి ఊరు. గోడకు అవతల, సరిగ్గా విమానం మొదటి చక్రం ఆనించే చోట, ఒకప్పుడు నా జొన్నచేను ఉండేది. అందుకే పెద్ద విమానాలు దిగే ముందు ముక్కు కొంచెం వంచుతాయి. అది నాకు పెట్టే దండం. పైలట్లకు చదువులోనే నేర్పుతారట. చలికాలం పొద్దున దాబా మీద కూర్చుంటే మంచులో విమానాల తెల్లటి పొట్టలు చెరువులో బొచ్చె చేపల్లాగా మెల్లగా ఈదుకుంటూ పోతాయి. వాటి దీపాలు పాలలో పసుపు కలిసినట్టు కరిగిపోతాయి. అలాంటి చోట బతికేవాడికి ఏదో ఒకనాడు ఆకాశం నుంచి తన ఇంటికి కూడా ఏదో దిగుతుందన్న ఆశ పోదు.

మా పక్కిల్లు తోమాసుది. ఊళ్లో ఉన్న చిన్న చర్చికి అతనే పెద్ద. గుళ్లు వేరైనా వరసలు ఒకటే కాబట్టి నన్ను బావా అంటాడు. అతని భార్య సరోజమ్మ నాకు చెల్లెలు. ఆ చర్చికి గంట లేదు. వేపకొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్కే గంట. దాన్ని కొడితే ప్రార్థనకు పిలిచినట్టు ఉండదు, నాగలికర్రు సాగగొట్టినట్టు ఉంటుంది.

అందుకని ఆడవాళ్లు గంట కోసం పిడికెడు బియ్యం పట్టారు. వండే ప్రతిసారీ బియ్యం ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేయాలి. ఆదివారం ఆ డబ్బా చర్చికి తెచ్చి కుమ్మరించాలి. ఆ బియ్యం అమ్మిన డబ్బు సరోజమ్మ పెట్టెలో ఉంటుంది. నాలుగేళ్లు అలా సాగింది. ఇంట్లో బియ్యం అడుగంటిన రోజున పిడికిలి చిన్నది చేసుకున్నారే గాని మానలేదు.

పోయిన చలికాలం తోమాసుకు ఫోన్లో గ్లోరియా అనే విదేశీ సిస్టర్ పరిచయమైంది. రోజూ ఒక బైబిల్ వాక్యం, ఒక పువ్వు బొమ్మ పంపేది. తోమాసు రైలుపట్టా సంగతి చెప్పుకుంటే కరిగిపోయింది. తమ దేశంలో ఒక పాత చర్చి మూతపడిందని, దాని కంచుగంట అరవై కిలోలదని, దాన్ని మీకే పంపుతున్నానని రాసింది. ఫోటో కూడా పంపింది. తోమాసు ఆ ఫోటో చూపించిన రోజు నుంచి నాకు నిద్రలో అదే. గంట విమానంలో కిటికీ పక్క సీట్లో కూర్చుని, నడుముకు బెల్టు పెట్టుకుని, కింద సముద్రాన్ని చూస్తూ వస్తోంది. టీ కావాలా అని ఎవరో అడిగితే సిగ్గుపడి సన్నగా మోగుతోంది. పక్కనున్నవాళ్లు ఒత్తిగిలి మళ్లీ పడుకుంటున్నారు.

వారం తిరక్కుండా తోమాసుకు ఫోన్ వచ్చింది. కస్టమ్స్ ఆఫీసు నుంచి వరప్రసాద్‌ను అన్నాడు. పుస్తకం చదివినట్టు మాట్లాడాడు. గంట శంషాబాద్‌లో దిగిందట. ముందు రిజిస్ట్రేషన్‌కు మూడు వేలు కట్టమని ఒక ఖాతా నంబరు పంపాడు. తోమాసు దగ్గర అంత లేక ఊరుకున్నాడు. రెండు రోజుల తర్వాత మళ్లీ ఫోన్ చేసి, మూడు వేలు ముట్టాయి, ఇక పన్ను తొంభై వేలు కడితే గంట మీదే అన్నాడు. ఆ మూడు వేలు సిస్టరే కట్టి ఉంటుందనుకున్నాడు తోమాసు. దాంతో అతని నమ్మకం రాయిలాగా బిగిసిపోయింది. పెట్టెలో ఉన్నది కూడా ఇంచుమించు అంతే.

సరోజమ్మ మాత్రం వారం రోజులైనా పెట్టె తాళంచెవి కొంగు ముడిలోంచి తీయలేదు.

"పైసలు నావి కావు, నీవి కావు. నలభై ఇండ్ల బువ్వ అది. గంటను కండ్ల చూస్తే ఇస్త."

"గోడ అవుతలనే ఉన్నదే. ఏడికి పోతది?" అన్నాడు తోమాసు.

అసలు పొరపాటు ఇక్కడే ఉంది. దూరపు ఊరివాడికి కస్టమ్స్ అంటే కనిపించని దేవుడు. భయపడి కడతాడో, అనుమానపడి ఊరుకుంటాడో. మాకు ఆ రెండూ చేతకాలేదు. రోజూ మా నెత్తి మీదుగానే విమానాలు దిగుతుంటే గంట రాలేదని ఎలా అనుకుంటాం? పైగా అది ఉన్నది నా చేలో. ఇంత దగ్గరి వస్తువుకు ఫోన్లో డబ్బు పంపడమేమిటి, వెళ్లి తెచ్చుకుందామన్నాను. డబ్బు కస్టమ్స్ కిటికీ దగ్గర కట్టి రసీదు తీసుకుంటామంటే సరోజమ్మ కూడా ఒప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే మా ఊరి పాండు ట్రాలీ ఆటో కిరాయికి మాట్లాడాం. రెండు మోకులు, నాలుగు గోనెసంచులు, గంటకు దెబ్బ తగలకుండా కింద పరవడానికి వరిగడ్డి వేసుకున్నాం. నేనొక కొబ్బరికాయ పట్టుకున్నాను. ప్రార్థన గంటకు కొబ్బరికాయ ఏంది బావా అని తోమాసు గొణిగాడు. గంటకు కాదు, ఆటోకు అన్నాను. సరోజమ్మ డబ్బు సంచిని చంటిపిల్లలాగా ఒళ్లో పెట్టుకుని గడ్డి మీద కూర్చుంది.

ఆ దారి మీరు మంచులో చూడాలి. రోడ్డు మధ్య కాగితంపూల చెట్లు నిద్రలో నడుస్తున్నట్టు వెనక్కి పోతున్నాయి. పెట్టెలు తోసుకుంటూ ఎక్కడెక్కడికో వెళ్లేవాళ్ల కార్లు చప్పుడు లేకుండా మమ్మల్ని దాటుతున్నాయి. పైన ఒక విమానం మాతో పాటే, మా వేగానికే వస్తున్నట్టుంది. అందులోనే గంట ఉందేమోనని ముగ్గురం తలెత్తి చూశాం. గంట ముందే దిగిందన్న సంగతి ఆ క్షణాన ఎవరికీ గుర్తులేదు.

అప్పుడు వరప్రసాద్ ఫోన్ చేశాడు. వస్తున్నం సార్, తాళ్లు గూడ తెచ్చినం అన్నాడు తోమాసు సంతోషంగా.  అవతల పుస్తకం మూతపడి వేరే గొంతు వచ్చింది. ఎయిర్‌పోర్టుకు వస్తే అందర్నీ అరెస్టు చేస్తారట. అరగంటలో డబ్బు పంపకపోతే గంటను కరిగించేస్తారట. ఈ మాట ఎవరికీ చెప్పకూడదట.

తోమాసు ముఖం గోనెసంచి రంగుకు తిరిగింది. ఆటో ఆపమన్నాడు. రోడ్డు పక్కన ఎక్కడైనా డబ్బు పంపే దుకాణం ఉంటే చూడమని పాండును బతిమాలాడు. చెయ్యి చాపి సంచిని పట్టుకున్నాడు. నలభై ఇళ్ల నాలుగేళ్ల అన్నం ఆ రెండు చేతుల మధ్య ఊగింది.

సరోజమ్మ సంచి వదల్లేదు. "సామాను ఉన్నోడు జల్ది వచ్చి తీస్కపొమ్మంటడు. రావద్దంటున్నడంటే ఆడ సామాను లేదు," అని ఫోను అందుకుంది. "సార్, మేము ఈడనే ఆగినం. మీరు జర గంట కాడికి పోయి ఒక్కసారి కొట్టుండ్రి. మోత ఇని పైసలు పంపుతం."

ఫోన్ కట్ అయింది. మళ్లీ మోగలేదు.

అయినా తోమాసు మనసు ఆగక కార్గో గేటు దాకా వెళ్లాం. అక్కడ కాపలా ఉన్నామె పేరు మంజుల. గడ్డినీ మోకులనూ కొబ్బరికాయనూ చూసింది. కథంతా విన్నది. నవ్వలేదు, అందుకు ఆమెకు దండం పెట్టాలి. పన్ను కట్టమని కస్టమ్స్ వాళ్లు ఫోన్ చేసి ఎవరి సొంత ఖాతాకూ డబ్బు పంపమనరని, ఇలా మోసపోయినవాళ్లు ఏడ్చుకుంటూ వస్తుంటారని, గడ్డి పరుచుకుని వచ్చింది మాత్రం మేమేనని చెప్పింది.

"ఇంతకుముందు ఏమన్న పంపిండ్రా?"

ఒక్క పైసా లేదన్నాడు తోమాసు. నేను కొబ్బరికాయ పీచు లాగుతూ నిలబడ్డాను.

"బాపూ, నువ్వు గట్ల చూస్తున్నవేంది?" అంది మంజుల నా వైపు తిరిగి.

ఇక దాచి లాభం లేదు. ఆ మూడు వేలు పంపింది నేనే. తోమాసు ఫోన్లోంచి నంబర్లు రాసుకుని, పింఛన్ డబ్బు సెల్‌ఫోన్ దుకాణంలో ఇచ్చి పంపించాను. గంట అంచు మీద లోపలివైపు చిన్నగా నా పేరు చెక్కించండని వరప్రసాద్‌ను వేడుకున్నాను కూడా. తోమాసు నమ్మకాన్ని రాయి చేసింది నేనే. అసలు మాట వచ్చింది కాబట్టి ఇదీ వినండి. ఒకసారి బస్సులో ఒకడు బాలాపూర్ గణపతి వేలం లడ్డూ ముక్క, చల్లితే పంట విరగ పండుతుందని చెప్పి అమ్మితే కొని చేనంతా చల్లాను. అది మిఠాయి దుకాణం లడ్డూ అట. ఆ ఏడు చీమలకు బాగా పండింది.

మంజుల నా చేతే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయించింది. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపడానికి అంత వీలట. పేరు సంగతి బయటపడుతుందన్న సిగ్గుతో నేను అప్పటికే పది రోజులు ఎవరికీ చెప్పకుండా కూర్చున్నాను. ఇంతవరకూ కబురు లేదు.

ఆదివారం తోమాసు రైలుపట్టా కొట్టి అందర్నీ పిలిచి, నిలబడి, ఒక్క మాట దాచకుండా చెప్పాడు. ఎవరూ తిట్టలేదు. చివరి వరసలో ఇద్దరు మాత్రం ఫోన్లు తీసి, మాకు గూడ గిసువంటి ఫోను వచ్చిందని మెల్లగా అన్నారు.

తర్వాత పట్నంలో ఇత్తడి సామాను బజారుకు వెళ్లి గంట కొన్నారు. అరవై కిలోలు కాదు, పన్నెండు. సరోజమ్మ దాన్ని ఏడుసార్లు కొట్టి, విని, అప్పుడు సంచి విప్పింది. మంచు పొద్దున అది మోగితే మోత గోడ దాటి పోయి విమానాల కింద తేలుతుంది. నా కొబ్బరికాయ వేప చెట్టు కింద కొట్టాను. తోమాసే రెండు ముక్కలు తిన్నాడు.

ఇందులో ఒక్కటే నేను కల్పించింది. నా జొన్నచేను విమానం చక్రం ఆనే చోట లేదు, కార్లు నిలిపే చోట ఉండేది. కాబట్టి విమానాలు ముక్కు వంచేది నాకు కాదు. కార్లు మాత్రం వెనక్కీ ముందుకీ ఊగి ఊగి ఆగుతుంటాయి. అది దండమో కాదో మీరే వెళ్లి చూసుకోండి.