నీకెంత కావాలి?

జీతమెంతని అత్తవారు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పే అల్లుడు ఇంకా పుట్టలేదు. చొక్కాల కంపెనీలో కటింగ్ మాస్టరూ ఆ తానులో ముక్కే. వచ్చేది ఇరవై రెండు వేలు. పెళ్లైన కొత్తలోనే ముప్పై అన్నాడు, ఏళ్లు గడిచేకొద్దీ నలభైకి పెంచాడు. నోటి మాటకు ఖర్చేముంది!

ఆ అబద్ధం ఇన్నాళ్లు బతికిందంటే కంపెనీ చలవే. అక్కడ ఎవరి జీతం ఎవరికీ చెప్పకూడదు. చెబితే ఆ రోజే లెక్క తేల్చి పంపేస్తారు. కుట్టు మిషన్ల దగ్గర ఇద్దరు అలాగే పోయారు. మళ్లీ వాళ్ల ఊసెత్తిన వాడు లేడు.

అలాంటి చోటికి రెండో మాస్టరు కావాలన్నారని మాస్టరు బామ్మర్ది తయారయ్యాడు. కత్తెర పని నేర్చినవాడే, ఏడాదిగా పని లేక ఇంట్లో మాటలు పడుతున్నాడు. ఎంత అడగమంటావు బావా అని మెట్ల మీద నిలబెట్టి అడిగితే, మాస్టరు మెడలో టేపు సర్దుకున్నాడు. వాళ్లనే చెప్పనివ్వు అని దాటేశాడు. అక్కడే నిజం చెప్పి ఏడిస్తే సరిపోయేది, ఖర్మ!

కాసేపటికి ఓనరు గదిలోంచి పిలుపొచ్చింది. బామ్మర్ది అప్పటికే లోపల కూర్చుని ఉన్నాడు. ఓనరు ఏనాడూ గొంతు పెంచే మనిషి కాదు. తలుపేసి కూర్చోమన్నాడు. పదిహేనేళ్లలో ఎన్నడూ లేని ఆ మర్యాదకు మాస్టరు కుర్చీ కొసనే కూర్చున్నాడు.

"నీకు నలభై వస్తోందట కదా మాస్టరూ. అందుకని తనకి ముప్పై అయిదు చాలంటున్నాడు మీ బామ్మర్ది."

జీతం బయటపెట్టానంటే ఉద్యోగం పోతుంది, అబద్ధమాడానంటే పరువు పోతుంది. ఇంటద్దె, పిల్లల ఫీజులు కళ్ల ముందు మెదిలాయి. పరువు సంగతి తర్వాత చూసుకోవచ్చులే అనుకుని, ఇంట్లో అబద్ధం చెప్పాను సార్ అన్నాడు తలెత్తకుండా. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఓనరు నవ్వాడు. అబద్ధమైతే రూలు తప్పినట్టు కాదులే అన్నాడు. మాస్టరు ఊపిరి పీల్చుకున్నాడు.

"మరి ఎంత అడగాలో అతనికెలా తెలుస్తుంది పాపం? నిజం నువ్వే చెప్పు."

చెబితే రూలు తప్పినట్టు, చెప్పకపోతే ఓనరును కాదన్నట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అడిగేది ఆయనే కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. ఎదుటివాడు నవ్వితే చాలు, మన మంచికే అనుకుంటాం, అదేం రోగమో!

"ఇరవై రెండు సార్."

ఓనరు మాస్టరు వైపు చూడటం మానేశాడు. కుర్చీని మెల్లగా బామ్మర్ది వైపు తిప్పాడు.

"విన్నావుగా. నిజానికి ఇద్దరు మాస్టర్లు నాకెందుకు? ఇప్పుడు చెప్పు, నీకెంత కావాలి?"

మాస్టరు వాడి కళ్లలోకి చూడబోయాడు. తన పెళ్లినాటికి భుజాలెక్కి తిరిగినవాడు. వాడు తల తిప్పలేదు.

"పద్దెనిమిది చాలు సార్," అన్నాడు బల్ల అంచునే చూస్తూ. "రేపట్నుంచే వస్తాను."