వీర్రాజు వినని మాటలు

దొరలు గోదావరికి ఆనకట్ట కట్టిన ఆరేడేళ్ళకు, పంతొమ్మిదేళ్ళ వీర్రాజు రాజోలు నుంచి వచ్చి అమలాపురం ఇంగ్లీషు బడిలో చేరాడు. అంతకు ముందేడు వచ్చిన జ్వరంతో అతని ఎడమ చెవి పూర్తిగా పోయింది. తెలిస్తే చేర్చుకోరేమోనని ఎవరికీ చెప్పలేదు. ఎడమ భుజం గోడకు ఆనించి కూర్చుంటే అన్ని మాటలూ కుడి చెవిన పడేవి. చదువులో మొదటివాడు అతనే.

వానలకు ఆ గోడ నానిపోయింది. మత్తయి పంతులుగారు అతన్ని గదిలో రెండో కొసకు మార్చారు. ఇప్పుడు గదంతా అతని ఎడమ వైపైంది. అక్కణ్ణుంచి పాఠంలో సగం మాటలు అందలేదు. పక్కవాళ్ళు పిలిచినా తల తిప్పేవాడు కాదు.

"మనం ఆయన కంటికి ఆనంలెండి," అన్నాడు పక్కన కూర్చునే అంజిబాబు. తర్వాత పిలవడమే మానేశారు.

రాజమహేంద్రవరం పై చదువుకు పరీక్ష వచ్చింది. పంతులుగారు ఇంగ్లీషు చదువుతుంటే విని రాయాలి. మూడు వరుసలు రాసేసరికి వీర్రాజుకు అంతా కలగాపులగమైపోయింది. కలం పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"నాకు ఎడమ చెవి వినపడదండీ. అటేపు కూర్చోమంటారా?"

గదంతా అతన్నే చూసింది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"పంపించేస్తారనుకున్నానండీ."

పంతులుగారు తన కుర్చీ పక్కన చోటు చూపించి, మళ్ళీ మొదటినుంచి చదివారు.

వీర్రాజు రెండోవాడిగా నెగ్గాడు. ఇక అందరూ దగ్గరవుతారనుకున్నాడు. దగ్గరికి వచ్చారు గానీ, వచ్చినవాడల్లా అరిచి మాట్లాడేవాడు. అన్నం తిన్నావా అని అరుపు, వాన వస్తోందని అరుపు. వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడి నవ్వుకున్నప్పుడు, ఏమిటని అడిగాడు.

"ఏం లేదులే. నీకు చెప్పాలంటే ఊరంతా వినాలి," అన్నాడు అంజిబాబు. ఆ మాట వీర్రాజుకు స్పష్టంగా వినపడింది. తనూ నవ్వాడు.

సెలవులకు బడి మూసిన రోజు, ఇంటికి వెళ్ళడానికి ఒక్కడే బోడసకుర్రు రేవులో పడవెక్కాడు. కుడి పక్కన ఒక ముసలామె, పేరు అప్పాయమ్మట, బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏ ఊరు బాబూ?" అంది మామూలు గొంతుతో.

"రాజోలండీ."

"ఆయ్. మాది పాశర్లపూడి," అని, తన గేదె ఈనడానికి ఎంత యాతన పడిందో చెప్పుకొచ్చింది. వీర్రాజు ఆమె వైపే వంగి, పడవ ఒడ్డు చేరేదాకా విన్నాడు.