ఏం మందు?

నేను ఒక మైకు గొట్టాన్ని. తుమ్మలవంక ఊళ్ళో కొందరు నన్ను బూర అంటారు, కొందరు స్పీకరు అంటారు. నా యజమాని దస్తగిరి మాత్రం 'మన నోరు' అని మురిపెంగా పిలిచేవాడు. అల్యూమినియం రేకు ఒళ్ళు, వెడల్పాటి మూతి, వెనక పిడికిలంత యంత్రం, అంతే నేను. నాకు నోరు ఇచ్చారు గాని నాలుక ఇవ్వలేదు. ఎవరి నాలుక తగిలిస్తే వాళ్ళ మాటే నా మాట. ఇది ముందే చెప్పుకోవడం మంచిది. నేను చెప్పబోయే రెండు సంగతుల్లో ఒకటి విని నన్ను తిట్టుకుంటారు, రెండోది విని మెచ్చుకుంటారు. నిజానికి ఆ రెండూ నాకు చెందవు.

పట్నంలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. గిరగిరా తిరిగే అచ్చు మీద గుండ్రటి రేకును బిగించి, ఒక పెద్దాయన ఇనప కడ్డీతో నెమ్మదిగా నొక్కుతూ పోయాడు. కుమ్మరి చేతిలో కుండ లేచినట్టు నేను లేచాను. బూడిదరంగు పూసి, ఆరబెట్టి, తీగలు తగిలించి ఆయన నాలోకి 'హలో' అన్నాడు. షెడ్డులో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి తలలు తిప్పారు. ఆయన మామూలుగా మాట్లాడితే పక్కవాడు కూడా పట్టించుకోడు. ఆ రోజే నాకు నా పని తెలిసిపోయింది.

దస్తగిరి నన్ను లుంగీలో చుట్టి, బస్సులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఊరికి తెచ్చుకున్నాడు. పెళ్ళిళ్ళకు పాడాను. ఉరుసుకు, తిరునాళ్ళకు అరిచాను. తప్పిపోయిన బర్రె గుర్తులు చెప్పాను, రేషను బియ్యం వచ్చిందన్నాను. ఎన్నికలొస్తే మరీ సందడి. తుమ్మలవంకకు రెండు వీధులు, పైవీధి, కింది వీధి. రెంటికీ తాతల నాటి పగ. పొద్దున పైవీధి తరఫున కింది వీధిని దొంగలన్నాను. సాయంత్రం కింది వీధి తరఫున పైవీధిని దొంగలన్నాను. రెండు చోట్లా చప్పట్లు బాగానే పడ్డాయి. మనుషులకు మాట కొత్తగా ఉండక్కర్లేదని, గట్టిగా ఉంటే చాలని అప్పట్లో అనుకునేవాణ్ణి.

ఇక మొదటి సంగతి.

రెండో సంగతికి ఏడేళ్ళ ముందు, పంచాయతీ ఎన్నికల ముందు రోజు. పైవీధి పెద్ద ఈశ్వరయ్య మేనల్లుడు మోటారు సైకిలు మీద పోతూ కల్వర్టు దగ్గర జారి పడ్డాడు. తల పగిలి, ఒళ్ళంతా నెత్తురు. ఎవరో చూసి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రోడ్డు మీద మిగిలిన నెత్తురును ఈశ్వరయ్య మనిషి చెన్నప్ప చూశాడు. చూసినవాడు చూసినట్టు దస్తగిరి ఇంటికి పరుగెత్తుకొచ్చి మైకు లాక్కున్నాడు. "పైవీధోళ్ళారా, మన పిల్లోన్ని కిందివీధోళ్ళు సంపినారు, రాండి." ఆరు మాటలు. దస్తగిరి చెయ్యి స్విచ్చు మీదికి వెళ్ళేసరికే ఆరూ అయిపోయాయి.

కింది వీధి రామాంజులుకు ఎవరితోనూ గొడవ లేదు. తలమీద గడ్డిమోపుతో చేని నుంచి వస్తున్నాడు. రెండు వీధులు కలిసే మలుపులో ఎదురైన మొదటి మనిషి అతను. అంతే అతని తప్పు.

ఆ రోజు ఎవరో విసిరిన రాయి తగిలి నా మూతి ఒకవైపు సొట్టపోయింది. మర్నాడు ఈశ్వరయ్య మేనల్లుడు తలకు కట్టుతో బస్సు దిగి, ఊరు ఇంత నిశ్శబ్దంగా ఉందేమని అడిగాడు. 

నన్ను పోలీసులు పట్టుకెళ్ళారు. నాలుగో నంబరు చీటీ కట్టి, మూడేళ్ళు ఒక గదిలో కొడవళ్ళ పక్కన పడేశారు. కేసులో సాక్షులంతా మాకేం కనపడలేదన్నారు. చెన్నప్ప మాట ఊరందరికీ వినిపించింది నాలోంచే గదా, నన్నెవరూ అడగలేదు. కేసు కొట్టేశాక, సంతకం పెట్టించుకుని నన్ను దస్తగిరికి ఇచ్చేశారు. ఆయన నన్ను ఇంటికి తెచ్చి తడిగుడ్డతో తుడిచాడు. సొట్ట మాత్రం సరిచేయించలేదు.

ఆ రోజు నుంచి దస్తగిరి ఒక పద్ధతి పెట్టాడు. ఎంత పెద్దవాడైనా సరే, మైకులో ఏం చెప్పాలనుకుంటున్నాడో ముందు దస్తగిరి చెవిలో చెప్పాలి. ఊరు నవ్వింది. దస్తగిరి చెవికి తహసీల్దారు సీలు వేయించాలని ఎగతాళి చేసింది. ఆయన పట్టించుకోలేదు. నేను పక్కనే ఉండి చూసేవాణ్ణి గనక చెబుతున్నాను, మైకులో అమ్మనా బూతులు తిట్టగలిగిన మనిషి ఒకరి చెవి దగ్గర నోరు పెట్టి ఆ తిట్టు తిట్టలేడు. గొంతు తగ్గుతుంది. సగం మాటలు రాలిపోతాయి. కొందరైతే "వద్దులే దస్తగిరన్నా" అని వెళ్ళిపోయేవారు.

రామాంజులు భార్య పేరు సుంకులమ్మ. భర్త పోయాక ఊరికి ఆశా కార్యకర్త అయింది. కాన్పులు, టీకాలు, జ్వరాలు, అన్నీ ఆమే చూసేది. రెండు వీధుల గడపలూ తొక్కేది. కానీ ఏడేళ్ళలో ఒక్కసారి కూడా నా వంక చూడలేదు. ఏదైనా చెప్పాలంటే ఇల్లిల్లూ తిరిగి చెప్పేదే తప్ప మైకు అడిగేది కాదు. దస్తగిరి ఆటో మీద నేను ఎదురొస్తే కొంగు సర్దుకుని పక్క సందులోకి తిరిగేది. ఆమెను తప్పుపట్టే ముఖం నాకు లేదు.

మళ్ళీ పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. నామినేషన్లకు వారం ఉంది. రెండు వీధులవాళ్ళూ ఒకరినొకరు ఓరకంట చూసుకుంటున్నారు. అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం, బస్సు స్టాండు టీ కొట్టు దగ్గర సుంకులమ్మ ఆసుపత్రివాళ్ళతో ఫోనులో మాట్లాడింది. సిగ్నలు సరిగా లేక కాస్త గట్టిగానే మాట్లాడింది.

"మందు దిగింది సార్. రెండు పెట్టెలు, మా ఇంట్లోనే పెట్టించినా. రేపు పొద్దున్నే మొదులుపెడతాం. ముందు పైవీధి అంతా అయిపోవాల. ఇంటింటికీ పోతా సార్, ఒక్కరిని గూడ ఇడ్సిపెట్టను."

బల్ల మీద టీ తాగుతున్న చెన్నప్ప చేతిలో గ్లాసు ఆగిపోయింది.

మా సీమలో మందు అనేది ఒకే మాట. ఒంటికి వేసుకునేదీ మందే, చేనికి కొట్టేదీ మందే, సీసాలో తాగేదీ మందే. బాంబులో కూరేదీ మందే. ఏ మందో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. చెన్నప్ప తన గుండెలో ఉన్న సందర్భాన్ని బట్టి తెలుసుకున్నాడు. ఏడేళ్ళ కిందట తాను చేసిన పని అతను మరిచిపోలేదు. ఆమె మరిచిపోయి ఉంటుందని ఎలా అనుకుంటాడు?

తెల్లారి ఎనిమిదింటికల్లా పైవీధి మొగవాళ్ళు మలుపు దగ్గర చేరారు. కొడవళ్ళున్నాయి, రాళ్ళ కుప్పలున్నాయి, రంపపు పొట్టు పోసిన బక్కెట్లలో గుడ్లు సర్దినట్టు సర్దిన నాటుబాంబులున్నాయి. వాళ్ళను చూసి కింది వీధివాళ్ళూ చేరారు. ఎందుకో వాళ్ళకు తెలియదు. ఎదుటివాళ్ళు చేరారు గనక చేరారు. ఇంకా రానివాళ్ళను పిలవడానికి చెన్నప్ప మళ్ళీ దస్తగిరి దగ్గరికి వచ్చాడు. ఈసారి మైకు లాక్కోలేదు. పద్ధతి అలవాటైపోయింది గదా, ఆ వేడిలో కూడా వంగి ఆయన చెవిలో నోరు పెట్టాడు.

"సుంకులమ్మ ఇంట్లో మందు దిగిందన్నా. మనందరినీ సంపుతారంట."

దస్తగిరి అడిగాడు: "ఏం మందు?"

"మందంటే మందే గదన్నా."

"అదే, ఏం మందు?"

 ఆ ప్రశ్న చెన్నప్పకు రాత్రంతా తట్టలేదు. పైవీధిలో ఒక్కరికీ తట్టలేదు. వందమంది ఆయుధాలు పట్టుకుని నిలబడ్డారు గాని, ఏ మందు అని ఒక్కరూ అడగలేదు.  ఇంత చిన్న ప్రశ్నకు ఇంత బలం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

చెన్నప్పను అక్కడే కూర్చోమని, దస్తగిరి నన్ను ఆటో మీద కట్టుకుని సుంకులమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె మాత్రల పెట్టె విప్పుతోంది. బోదకాలు రాకుండా ఊరందరికీ ఇచ్చే మాత్రలు. దస్తగిరి సంగతంతా చెప్పాడు. ఆమె నవ్వలేదు. వాకిట్లోకి వచ్చి మలుపు వైపు చూసింది.  చేతిలో మాత్రల డబ్బా అలాగే ఉంది.

నువ్వే చెప్పాలన్నాడు దస్తగిరి. తను చెబితే కింది వీధికి అమ్ముడుపోయాడంటారని, పోలీసులు వచ్చేసరికి గంట పడుతుందని అన్నాడు. ఆమె అప్పుడు నా వంక చూసింది. ఏడేళ్ళలో మొదటిసారి. తన భర్తను చంపించిన గొట్టంలోంచి, తన భర్తను చంపిన వీధితో మాట్లాడాలి. చేతులెత్తి దండం పెట్టి తలుపేసుకుని ఉంటే ఎవరూ తప్పనేవారు కాదు.

"నీ చెవిలో చెప్పాల్నా అన్నా?" అని అడిగింది.

"నీకొద్దుమా," అన్నాడు దస్తగిరి.

ఆటో మలుపులో ఆగింది, సరిగ్గా రామాంజులు పడిన చోట. రెండు గుంపుల మధ్య పట్టుమని యాభై అడుగులు లేవు. సుంకులమ్మ మైకు నోటి దగ్గర పెట్టుకుంది. మొదట మాట రాలేదు, ఊపిరి వచ్చింది. ఆ వణికే ఊపిరిని నేను ఊరంతటికీ వినిపించాను. అన్నేళ్ళలో నేను ఎన్నో అరుపులు మోశాను గాని, అంత బరువు ఎన్నడూ మోయలేదు.

"నేను సుంకులమ్మను, రామాంజులు పెండ్లాన్ని. మా ఇంట్లో మందు దిగిన మాట నిజమే. అది బోదకాలు మందు. ఒక్కరిని గూడ ఇడ్సిపెట్టనన్న్యాను, అదీ నిజమే. మురిక్కాలవ పక్కన దోమలెక్కువని ముందు పైవీధి రాసుకున్న్యా." ఆగి, ప్రతి ఏడూ గడప గడపకూ చెప్పే మాటే మళ్ళీ చెప్పింది. "ఖాళీ కడుపున ఏసుకోగూడదు. తినకుండా వచ్చినోళ్ళు ఇండ్లకు పోయి తిని రాండి."

చేతిలో బాంబు పట్టుకున్నవాణ్ణి ఇంటికి పోయి తిని రమ్మంది.

 పైవీధిలో ఎక్కడో ఒక గడప దగ్గర నుంచి ఒక ఆడమనిషి తన మొగుణ్ణి పేరు పెట్టకుండా పిలిచింది, సంగటి చల్లారిపోతోందని. గుంపు వెనక నుంచి ఒకడు కొడవలి లుంగీ మాటున పెట్టుకుని తల దించుకుని నడిచాడు. వాడి వెనక ఇద్దరు. ఆ పైన ఎంతమందో లెక్కపెట్టలేకపోయాను. అటు కింది వీధిలోనూ రాళ్ళు ఒక్కొక్కటే కింద పడుతున్న చప్పుడు. ఎవరూ ఓడిపోలేదు, ఎవరూ గెలవలేదు, అందరికీ ఆకలి గుర్తొచ్చింది. మనుషుల గురించి నాకున్న వెటకారమంతా ఆ చప్పుడుతో రాలిపోయింది. దండలు వేసిన వేదికలు, జాతర్లు, బాణసంచా, అన్నీ చూశాను. ఒక గుంపు వెనక్కి తిరగడమంత అద్భుతం నేను చూడలేదు.

చివరికి తన మనిషొకడితో ఈశ్వరయ్య మిగిలాడు, పక్కన ఒక బాంబుల బక్కెట్టు. సుంకులమ్మ ఆటో దిగి, మాత్రల డబ్బా పట్టుకుని అతని ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"తిన్న్యావా మామా?"

అతను ఆమె ముఖంలోకి చూడలేక డబ్బా వంక చూశాడు. "లేదుమా."

"పో, తిని రా."

ఆ ఊళ్ళో ఈశ్వరయ్యను పొమ్మన్నవాళ్ళు అంతకు ముందు లేరు. అతను భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. బక్కెట్లో నీళ్ళు పొయ్యమని పక్కవాడితో చెప్పి ఇంటికి నడిచాడు. అరగంటకు తిరిగి వచ్చి చెయ్యి చాపాడు. ఆమె మాత్రలు వేసింది, నీళ్ళిచ్చింది, మింగేదాకా చూసింది. మింగినట్టు నటించేవాళ్ళు ఉంటారు గనక ఎవరినైనా అడిగినట్టే అడిగింది, నోరు తెరవమని. వంద నోళ్ళను నడిపించిన పెద్దమనిషి చిన్నపిల్లాడిలా నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించాడు.

ఆమె క్షమించిందని మాత్రం అనుకోకండి. ఆ మధ్యాహ్నం ఇంటికి తిరిగి వస్తూ దస్తగిరితో అన్న మాట నేను విన్నాను. "నేనేం మర్సిపోలేదన్నా. ఇంగొక ఆడమనిషి నా మాదిర కాగూడదనుకున్న్యా, అంతే."

ఇప్పుడు నా గొంతు పోయింది. లోపలి యంత్రం కాలిపోయింది. దస్తగిరి కొత్తగా నల్ల పెట్టె స్పీకర్లు తెచ్చుకున్నాడు. నన్ను పాత సామాన్లవాడికి వేయబోతుంటే సుంకులమ్మ వచ్చి, తనకిమ్మని పట్టుకెళ్ళింది. తన ఇంట్లో మందులు పెట్టే గదిలో కిటికీ పక్కన మేకుకు తగిలించింది. సొట్ట ఉన్న వైపు బయటికి కనపడేలా తగిలించింది. ఊళ్ళో ఎవరైనా ఉడుకు మాట ఒకటి మోసుకొస్తే, అవతలివాడు ఇప్పటికీ "ఏం మందు?" అని అడుగుతాడు. అలా అడగడం ఎలా మొదలైందో ఈ కాలం పిల్లలకు తెలియదు.

ఏడాదికొకసారి మాత్రల పెట్టెలు దిగుతాయి. ఫోను చేసే ముందు సుంకులమ్మ తలుపు దగ్గరికి వేసి, నా వెడల్పాటి మూతిలోకి వంగి, చెప్పబోయే మాటలు మెల్లగా ఒకసారి చెప్పుకుంటుంది. "బోదకాలు మాత్రలు వచ్చినాయి సార్." మందు అనదు. ఎవరికీ వినపడదు, నాకు తప్ప. ఇన్నేళ్ళూ నేను నోరుననుకున్నాను. ఆమె వంగిన ప్రతిసారీ నాకు తెలుస్తుంది, నేను చెవి ఆకారంలో ఉన్నానని.